కారు హెడ్‌లైటు మార్చేముందు

పిడుగురాళ్ల అనగానే ఎవరికైనా మొదట గుర్తుకొచ్చేది సున్నం. బట్టీల పొగ, తెల్లబారిన చెట్ల ఆకులు, తెల్లటి దుమ్ము పట్టిన లారీలు. ఈ సున్నానికీ మోటారు కారు ముందు వెలిగే దీపానికీ చుట్టరికం ఉందంటే మీరు నమ్ముతారా? ఉంది. అదీ దగ్గర చుట్టరికమే.

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడు బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. దీన్నే రసాయన శాస్త్రంలో కాల్షియం ఆక్సైడు అంటాం. ఈ పొడిసున్నానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులు కలిసి మండే మంటలో దాని ముక్కను ఉంచితే, అది అంత వేడికీ సులభంగా కరగక, కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి కాంతితో వెలుగుతుంది. థామస్ డ్రమ్మండ్ అనే సర్వే అధికారి 1825లో ఐర్లండు దేశంలో ఒక కొండ మీద ఈ సున్నపు దీపం వెలిగిస్తే, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మరో కొండ మీద ఉన్నవారికి అది కనిపించింది. తరువాత నాటకశాలల్లో నటుల మీద వెలుగు వేయటానికి దీన్నే వాడారు. ఇప్పటికీ ఎవరైనా పేరు ప్రఖ్యాతుల్లో ఉంటే ‘లైమ్‌లైట్‌లో ఉన్నాడు’ అంటారు. అక్షరాలా చెప్పాలంటే సున్నపు వెలుగులో ఉన్నాడని!

సున్నపు దీపం కారులోకి రాలేదు. దానికి రెండు వాయువుల తిత్తులు కావాలి మరి. కారులోకి వచ్చింది సున్నం నుంచి పుట్టిన మరో పదార్థం. పొడిసున్నాన్ని కోకుతో కలిపి విద్యుత్ కొలిమిలో దాదాపు 2000 డిగ్రీల వేడికి గురిచేస్తే కాల్షియం కార్బైడు తయారవుతుంది. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ ఈ పద్ధతిని కనిపెట్టాడు. కార్బైడు మీద నీటి చుక్కలు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, అది తెల్లటి మంటతో మండుతుంది. 1900 తరువాత కొన్నేళ్లపాటు కార్ల ముందు వెలిగినవి ఎక్కువగా ఈ దీపాలే. డ్రైవరు దిగివచ్చి నీటి మర తిప్పి, అగ్గిపుల్ల గీసి హెడ్‌లైటు వెలిగించేవాడు! దీపం అడుగున చివరికి మిగిలేది ఏమిటో చెప్పుకోండి. తడిసున్నం. సున్నంగా బయలుదేరిన పదార్థం వెలుగిచ్చి మళ్లీ సున్నంగానే తేలింది. గ్యాస్ వెల్డింగ్ షాపుల వెనుక ఒకప్పుడు పారబోసిన తెల్లటి బురద కూడా ఇదే.

1912లో అమెరికాలో క్యాడిలాక్ కారు విద్యుత్ దీపాలతో, విద్యుత్ స్టార్టరుతో వచ్చింది. అక్కడి నుంచి కార్బైడు దీపానికి కాలం చెల్లింది. అయితే ఆ పాత దీపంలోని ఒక ముఖ్యభాగం మాత్రం నేటి బండ్లలోనూ కనిపిస్తుంది. అది మంట వెనుక ఉన్న అద్దపు గిన్నె. మన కథకు అసలు నాయకుడు బల్బు కాదు, ఈ గిన్నె.

గిన్నె చేసే పని

మెకానిక్కులు దీన్ని డూమ్ అంటారు. మనం పాఠంలో పుటాకార దర్పణం అని చదువుకున్న దానికి ఇది తోబుట్టువు. కాకపోతే దీని వంపు గోళంలోని ముక్క కాదు, పరావలయం. పరావలయ దర్పణానికి నాభి అనే ఒక బిందువు ఉంటుంది. సరిగ్గా ఆ బిందువు వద్ద వెలుగును ఉంచితే, గిన్నెలో ఏ మూల తగిలిన కిరణమైనా వెనుదిరిగి అక్షానికి సమాంతరంగా ముందుకు సాగుతుంది. చెల్లాచెదురుగా పోవలసిన కాంతి ఒక కట్టగా మారుతుంది. ఇంట్లో తల తిప్పే పాత టార్చిలైటు ఉంటే గోడ మీద వేసి తల తిప్పి చూడండి. వెలుగు మచ్చ ఒకచోట చిన్నదై పదునెక్కుతుంది, కొంచెం అటూ ఇటూ తిప్పితే పెద్దదై పలచబడుతుంది. మీరు అక్కడ చేస్తున్నదల్లా బల్బును నాభికి దగ్గరగానో దూరంగానో జరపటమే.

హెడ్‌లైటు గిన్నెలో నాభి దూరం చాలా తక్కువ. 25 మిల్లీమీటర్లు అనుకుందాం. బల్బులో వెలిగే తీగ ఒక్క మిల్లీమీటరు కిందికి జరిగిందనుకోండి. గిన్నె నడిమి భాగం నుంచి వచ్చే కాంతి 25కు 1 వంతున పైకి లేస్తుంది. అంటే 50 మీటర్ల దూరంలో 2 మీటర్ల ఎత్తుకు! ఒక్క మిల్లీమీటరు చేసిన పని అది. రోడ్డు మీద పడవలసిన వెలుగు ఎదుటి డ్రైవరు తల దాటి పోతుంది. ఈ లెక్కను గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

మరి ఒకే దీపం బ్రైట్‌గానూ, డిమ్‌గానూ ఎలా వెలుగుతుంది? డిమ్ అంటే వెలుగు తగ్గించటమని చాలామంది అనుకుంటారు. కాదు, వెలుగును దించటం. ఐరోపాలో 1971లో ప్రవేశించి, మన దేశంలో కార్ల నుంచి లారీల దాకా విరివిగా వాడుకలోకి వచ్చిన హెచ్‌4 అనే హాలోజన్ బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి. ఒకటి 60 వాట్లది, అది నాభి దగ్గర ఉంటుంది. అది బ్రైట్. రెండోది 55 వాట్లది, నాభికి కాస్త ముందుగా ఉంటుంది. దాని కింద చిన్న చెంచా వంటి లోహపు రేకు ఉంటుంది. నాభికి ముందున్న వెలుగు గిన్నె పైసగానికి తగిలితే కిందికి వంగి పోతుంది, కింది సగానికి తగిలితే పైకి లేస్తుంది. పైకి లేచే ఆ కాంతి మనకు అక్కర్లేదు. అందుకని ఆ చెంచా రేకు కింది సగానికి వెలుగు తగలకుండా అడ్డుపడుతుంది. ఆ రేకు ఒక అంచు 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది. దానివల్ల మనకు ఎడమవైపున, అంటే రోడ్డు మార్జిన్లో నడిచేవాళ్ల మీద, ఎద్దుబండి మీద, కొంచెం ఎక్కువ దూరం వెలుగు పడుతుంది. కుడివైపు, ఎదురుబండి వచ్చే దిక్కున, గీత గీసినట్టు తెగిపోతుంది. వేలెడంత బల్బులో ఇంత ఆలోచన ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న. ఒకప్పుడు కొన్ని బండ్ల హెడ్‌లైటు అద్దం పైసగానికి నల్లరంగు పూసేవారు, ఎదుటివారి కళ్లలో పడకుండా ఉండాలని. హెచ్‌4 దీపానికి అలా పూస్తే ఏమవుతుంది? డిమ్ వెలుగు అంతా గిన్నె పైసగం నుంచే వస్తుందని ఇప్పుడే చెప్పుకున్నాం కదా! ఆ రంగు డిమ్‌నే మింగేస్తుంది. బ్రైట్‌లో సగం మాత్రం నిక్షేపంగా మిగులుతుంది. ఉద్దేశం మంచిదే, ఫలితం తలకిందులు.

వాట్లు పెంచితే

రాత్రిపూట నార్కెట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీద లారీల వరుసకు ఎదురుగా బండి నడిపేవారికి వెలుగు చాలలేదనిపించటం సహజమే. బాబాయో మామయ్యో ఆదివారం నాడు ఇంటి ముందే బానెట్ ఎత్తి, 60 వాట్ల బల్బు తీసి 100 వాట్ల బల్బు పెడతాడు. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది, వెలుగుతుంది కూడా. మరి నష్టమేమిటి?

లెక్క చూద్దాం. సామర్థ్యాన్ని వోల్టేజితో భాగిస్తే కరెంటు వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. రెండు దీపాలకు 10. వంద వాట్ల బల్బులైతే రెండింటికీ కలిపి దాదాపు 16.7 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని జూల్ నియమం చెబుతుంది. కరెంటు 1.67 రెట్లు పెరిగితే వేడి సుమారు 2.8 రెట్లు. పది ఆంపియర్లను దృష్టిలో పెట్టుకుని వేసిన సన్నటి తీగకు, ప్లాస్టిక్ హోల్డరుకు, స్విచ్చికి ఆ వేడి ఎక్కడ తట్టుకోవాలి? ముందు హోల్డరు గోధుమరంగుకు తిరుగుతుంది, తరువాత మెత్తబడుతుంది. ఈలోపు ఫ్యూజు పోతే అది దాని ధర్మం. దాన్ని తీసి ఇంకా పెద్ద ఫ్యూజు వేయటం, రాగి తీగ చుట్టటం వంటి పనులు చూస్తే నాకు భయం వేస్తుంది. కాపలావాడు అరుస్తున్నాడని వాడి నోరు కట్టేసినట్టే కదా!

దీనికి రిలే అనే ఉపాయం ఉంది. బ్యాటరీ నుంచి దీపానికి నేరుగా మందపాటి తీగ వేసి, మధ్యలో విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్చిని పెడతారు. డ్రైవరు స్విచ్చి ఆ అయస్కాంతానికి కావలసిన చిన్న కరెంటును మాత్రమే మోస్తుంది. తీగ సమస్య తీరుతుంది. ఎదుటివాడి కంటి సమస్య తీరదు.

ఎల్.ఇ.డి. వచ్చాక

ఇప్పుడు ఎక్కువమంది వంద వాట్ల బల్బు అడగటం లేదు, ఎల్.ఇ.డి. బల్బు అడుగుతున్నారు. తక్కువ కరెంటుకు ఎక్కువ వెలుగు ఇస్తుంది, మాట నిజమే. అయితే అది తీగ కాదు, రేకు మీద అతికించిన చిన్న చిన్న పలకలు. హాలోజన్ ఫిలమెంటు అక్షం వెంట పడుకున్న సన్నటి చుట్ట, చుట్టూ అన్నివైపులా సమానంగా వెలుగుతుంది. ఎల్.ఇ.డి. పలకలు రెండు పక్కలకే ఎక్కువగా వెలుగుతాయి, మధ్యలో రేకు మందం ఉంటుంది. ఆ రేకు మందమే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండవచ్చు. మనం ఇందాక వేసిన లెక్కలో ఒక్క మిల్లీమీటరుకే ఎంత తేడా వచ్చిందో చూశారు. పలకలు నాభికి వెనుకగా కూర్చుంటే మరీ చేటు. అప్పుడు గిన్నె పైసగం నుంచి వచ్చే కాంతి కిందికి కాక పైకే పోతుంది. డిమ్ వేసినా బ్రైట్ వేసినట్టే.

బండి నడిపేవాడికి ఇది తెలియదు. అదే అసలు ఇబ్బంది. తన ముందు రోడ్డు, చెట్ల కొమ్మలు, బోర్డులు అన్నీ తెల్లగా మెరుస్తుంటే దీపం అద్భుతంగా ఉందనుకుంటాడు. చెట్ల కొమ్మలు మెరవటమంటే వెలుగు ఉండకూడని చోట ఉందని అర్థం.

ఎల్.ఇ.డి. చల్లగా ఉంటుందన్న మాట కూడా సగమే నిజం. హాలోజన్ బల్బు వేడిలో చాలా భాగం పరారుణ కిరణాలుగా ముందుకు పోతుంది. ఎల్.ఇ.డి. ముందు చల్లగా ఉన్నా, దాని వేడి వెనుకకు పేరుకుంటుంది. అందుకే వెనుక అల్యూమినియం రెక్కలు, చిన్న ఫ్యాను పెడతారు. ఆ ఫ్యాను మన సున్నపు దుమ్ము పీల్చుకుంటూ ఎన్నాళ్లు తిరుగుతుందో మీరే ఆలోచించండి.

కంపెనీ నుంచే ఎల్.ఇ.డి. దీపాలతో వచ్చిన కార్లలో ఈ దోషం ఉండదు. అక్కడ దర్పణాన్నీ కటకాన్నీ ఆ పలకలకు తగినట్టుగా గీసి తయారుచేస్తారు. చెప్పు పాదానికి కొలిచి కుట్టారు. మనం చేస్తున్నది ఒకరి చెప్పులో మరొకరి కాలు పెట్టటం. 2020లో జర్మనీలో హాలోజన్ బల్బు స్థానంలో పెట్టుకోవటానికి ఒక ఎల్.ఇ.డి. బల్బుకు మొదటిసారి అనుమతి ఇచ్చారు. అదికూడా అన్ని కార్లకూ కాదు, గిన్నెతో జోడించి పరీక్షించి చూసిన కొన్ని మోడళ్లకు మాత్రమే. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చరాదంటుంది.

ఎదుటి కన్ను

చీకట్లో మన కంటిలోని దండకణాలు పనిచేస్తాయి. వాటిలో రోడాప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. ‘ఎ’ విటమిన్ లేకపోతే రేచీకటి వస్తుందని చదివారే, అది దీని కొరతవల్లే. తీవ్రమైన వెలుగు పడగానే ఈ రోడాప్సిన్ విచ్ఛిన్నమవుతుంది. మళ్లీ పూర్తిగా కూడుకోవటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. కొంత చూపు సెకన్లలోనే తిరిగి వస్తుంది, కానీ ఆ సెకన్లే ప్రాణం మీదికి తెస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. మూడు సెకన్లు కళ్లు చీకట్లు కమ్మితే బండి 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ 50 మీటర్లలో దీపం లేని సైకిలు ఉండవచ్చు, మిరపకాయల బస్తాలతో ఆగిన ట్రాక్టరు ఉండవచ్చు, బట్టీ పని ముగించుకుని నడిచివచ్చే మనిషి ఉండవచ్చు. వయసు మళ్లినవారికి, శుక్లాలు మొదలైనవారికి కంటి కటకంలోనే వెలుగు చెదురుతుంది కాబట్టి బాధ ఇంకా ఎక్కువ. లారీల వెనుక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాసి ఉంటుంది చూశారా, ఆ రాత ఊరికే రాసింది కాదు.

ఇంటి దగ్గరే చేయగలిగినది

అలాగని వెలుగు చాలకపోతే ఊరుకోవాలా? అక్కర్లేదు. కొత్త బల్బు కొనకముందే పాత దీపం నుంచి పోగొట్టుకుంటున్న వెలుగును తిరిగి రాబట్టవచ్చు.

మొదటిది అద్దం. ఈనాటి కార్లలో అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపుబారుతుంది. మన ఊళ్లో దానికి తోడు సున్నపు దుమ్ము. రాత్రి మంచుకు తడిసి తడిసున్నమవుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయి పొరగా గట్టిపడుతుంది. గోడకు సున్నం కొట్టినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మంతా పోనిచ్చి, తరువాత మెత్తని గుడ్డతో తుడవాలి. గట్టిపడిన తెల్లపొర మీద నీళ్లు కలిపిన వెనిగరు రాస్తే చిన్న బుడగలు వస్తాయి. ఏ వాయువో మీకు తెలుసు. ఆ వెంటనే మంచినీళ్లతో కడిగేయాలి. తడిసున్నాన్ని అలాగే వదిలేయటం మాత్రం మంచిది కాదు, క్షారం ఈ ప్లాస్టిక్‌ను తినేస్తుంది.

రెండోది కరెంటు దారి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజి తగ్గినదానికంటే చాలా వేగంగా తగ్గుతుంది. బల్బు దగ్గర 12 వోల్టులకు బదులు 10.8 వోల్టులు అందితే, తగ్గింది పదో వంతే, కాని వెలుగులో దాదాపు 30 శాతం పోతుంది. దీపం వెలుగుతుండగా పెద్దవాళ్ల సహాయంతో మల్టీమీటరు పెట్టి, బ్యాటరీ దగ్గర ఎంత ఉందో, హోల్డరు దగ్గర ఎంత ఉందో చూడండి. తేడా ఎక్కువుంటే దోషం బల్బులో లేదు, చిలుము పట్టిన టెర్మినల్‌లో, వదులైన ఎర్తు తీగలో ఉంది. వాటిని గీకి బిగిస్తే పైసా ఖర్చు లేకుండా వెలుగు పెరుగుతుంది. ఇందాకటి రిలేకు అసలైన ఉపయోగం ఇక్కడే.

బల్బు మార్చవలసివస్తే అదే రకం, అవే వాట్లది తేవాలి. దీపం ఆర్పి, చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, వెనుక మూడు పిన్నుల హోల్డరు లాగి, రబ్బరు మూత తీసి, స్ప్రింగు క్లిప్పు తప్పించాలి. బల్బు అడుగున మూడు చెవులు ఉంటాయి. వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు, అందువల్ల బల్బు ఒక్క తీరులోనే కూర్చుంటుంది. ఫిలమెంటును నాభికి తగిన చోట నిలబెట్టేవి ఆ చెవులే. అది కుదరక ముందే క్లిప్పును బలవంతంగా నొక్కవద్దు. గాజును వేళ్లతో తాకవద్దు కూడా. హాలోజన్ బల్బు పైపొర 250 డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. వేలి జిడ్డు, ఉప్పు అంటిన చోట క్వార్ట్జు గాజు పాడై బల్బు పగలవచ్చు. పొరపాటున తాకితే స్పిరిటుతో తుడిస్తే సరిపోతుంది.

ఇక మిగిలింది గురి చూడటం. చదునైన నేల మీద గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో కారు నిలిపి, దీపం మధ్యభాగం ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీయండి. చాలా కార్లలో హెడ్‌లైటు పైభాగాన 1.0 శాతం వంటి అంకె ఉంటుంది. ఒక శాతమంటే ఏడున్నర మీటర్లలో ఏడున్నర సెంటీమీటర్లు. డిమ్ వెలుగు పైఅంచు మీ గీతకు అంత కిందుగా తెగిపోవాలి. దీపం 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆ అంచు 70 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది.

కారు ఖాళీగా ఉన్నప్పుడు సరిచేసిన గురి, వెనుక సామాను వేస్తే మారుతుంది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య 240 సెంటీమీటర్లు, బస్తాల బరువుకు వెనుకభాగం 5 సెంటీమీటర్లు దిగిందనుకోండి. ముక్కు దాదాపు 2 శాతం లేచింది. ఒక శాతం దిగవలసిన వెలుగు ఒక శాతం ఎక్కుతోంది. 50 మీటర్ల దూరంలో అది 70 సెంటీమీటర్లకు మరో 50 కలిపి 120 సెంటీమీటర్ల ఎత్తున, అంటే ఎదుటి కారు డ్రైవరు కంటి దగ్గర ఉంటుంది. దీనికోసమే చాలా కార్లలో స్టీరింగు పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం పెట్టారు. బరువు వేసినప్పుడు దాన్ని తిప్పితే దీపం దిగుతుంది. దాన్ని తిప్పినవాళ్లను నేను చాలా తక్కువమందినే చూశాను.

చివరిగా, మీరే చేయగల పరీక్ష ఒకటి ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 106వ నియమం దీన్ని కొలతలతో సహా చెప్పింది. దీపానికి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి అర మీటరు పక్కకు, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదు. ఒకటిన్నర మీటరంటే హైస్కూలు విద్యార్థి కంటి ఎత్తుకు ఇంచుమించు సరిపోతుంది! పెద్దవాళ్లెవరైనా కారులో కూర్చుని, బండి కదలకుండా బ్రేకు వేసి, డిమ్ వెలిగిస్తారు. మీరు టేపుతో కొలిచి ఆ చోట నిలబడండి. బ్రైట్ మాత్రం వేయించవద్దు. మీ నీడ వెనుక గోడ మీద నడుము దాకానే పడి, తల చీకట్లో ఉంటే దీపం సవ్యంగా ఉన్నట్టు. గోడ మీద మీ తల నీడ కూడా స్పష్టంగా కనిపిస్తే బానెట్ మళ్లీ ఎత్తవలసిందే.